ఆబిడ్స్ యాదులు

ఆబిడ్స్ అని రోజూ అంటం. బస్సుల టికెట్ అడిగేటప్పుడు కూడా అంటం. అది ఒక దుకాణం పేరని ఎంతమందికి యాదుంది? 1869 నుంచి 1911 దాకా ఏలిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువుల ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ దుకాణం నడిపిండు. ఆబిద్ పోయిండు, దుకాణం పోయింది, పేరు మాత్రం నిలిచింది.

పట్నంల రాత్రులంటే చాలామందికి నైట్‌క్లబ్బులే గుర్తొస్తయ్. ఈ వీధి రాత్రులు వేరు. ఓరియంట్ హోటల్ల ఒక్క చాయ్ మీద గంటలు గడిచేవి. 1969ల కన్నుమూసిన మఖ్దూం మొహియుద్దీన్ కూర్చున్న హోటలది. కవులు, విలేకరులు, పనిలేనోళ్లు, అందరిదీ అదే అడ్డా. సభ్యత్వం అక్కర లేదు, సిఫారసు అక్కర లేదు. పైసలు తక్కువైతే వన్ బై టూ!

ఇయ్యాల ఓరియంట్ లేదు. ప్యాలెస్ టాకీస్ లేదు, జమ్రుద్ మహల్ లేదు. నవాబుల మహళ్ల మీద పుస్తకాలు మస్తుగున్నయ్. చాయ్ బల్ల చరిత్ర ఎవరు రాసిండ్రు? అది ముసలోళ్ల నోట్లనే ఉంది, వాళ్లతోనే పోతున్నది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటే, ముందర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తరు. విద్యార్థి మిత్రులు ఎట్లాగూ పోతరు గదా. పుస్తకం బేరం చేస్తనే, అమ్మే పెద్దమనిషిని ఓరియంట్ ఎక్కడుండేదో అడగుండ్రి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండ్రి, తారీఖు వెయ్యుండ్రి.