బలిపీఠమా, బల్లా?



హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాటగానే హెబ్బగోడి వస్తుంది. కన్నడం, తమిళం, తెలుగు మూడూ వినిపించే ఊరు. అక్కడ సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరుతో ఒక కళాశాల ఉంది. రోజూ ఆ బోర్డు చూసేవాళ్ళలో కూడా ఆ పేరుగల మనిషి ఎవరో తెలిసినవాళ్ళు తక్కువే. ఈనాటి మన విషయం ఆయనతో మొదలుపెట్టడం సబబు.

ఆయన 1567లో సవాయ్ సీమలో పుట్టిన కేథలిక్ గురువు. ఆ సీమలోని షాబ్లే ప్రాంతం 1536లో బెర్న్ వారి చేతికి చిక్కి, ప్రొటెస్టంటు మతంలోకి మళ్ళింది. 1594లో ఆయన అక్కడికి వెళ్ళారు. వినడానికి జనం రాలేదు. అందుకని చెప్పదలచుకున్నది కాగితాల మీద రాసి, తలుపుల కిందినుంచి ఇళ్ళలోకి చేరేటట్లు చేశారు. 1596 క్రిస్మస్‌కు తోనోన్ పట్టణపు గుడిలో బలిపీఠం నిలిపి పూజ చేయబోతే, ఊరివాళ్ళు అడ్డుపడ్డారు. ఒక పీఠం పెడితే అంత గొడవ ఎందుకండీ?

జవాబు మన తెలుగులోనే ఉంది. ఆదివారం గుడికి వెళ్ళొచ్చిన కేథలిక్కును అడగండి, "బలిపూజకు వెళ్ళాను" అంటారు. ప్రొటెస్టంటును అడగండి, "బల్ల తీసుకున్నాను" అంటారు. రెండుచోట్లా ఉన్నవి రొట్టె, ద్రాక్షారసమే. ఒకరికి అది బలిపీఠం, ఇంకొకరికి ప్రభువు భోజనపు బల్ల.

బలి అనగానే మనకు జాతరలో కోసే మేకపోతు గుర్తుకొస్తుంది. దానితో, కేథలిక్కులు వారం వారం క్రీస్తును మళ్ళీ చంపుతున్నారనే మాట కొందరి నోట వినిపిస్తుంది. కేథలిక్కులు అలా నమ్మరు. 1562లో ట్రెంటు మహాసభ చెప్పింది ఇది: సిలువ మీద తనను అర్పించుకున్నవాడే ఇక్కడ గురువు చేతుల మీదుగా అర్పించుకుంటున్నాడు, అర్పణ తీరు మాత్రమే వేరు, ఇక్కడ రక్తం చిందదు. రెండో బలి కాదు, ఆ ఒక్క బలే ఈ పీఠం మీద మన ముందుకు వస్తుందన్నమాట.

ప్రొటెస్టంట్లు హెబ్రీయులకు రాసిన పత్రిక తెరుస్తారు. క్రీస్తు ఒక్కసారే అర్పించుకున్నాడు, అది చాలింది అని అందులో ఉంది. మరి రోజూ అర్పించడానికి ఏం మిగిలిందని వారి ప్రశ్న. 1520లో మార్టిన్ లూథర్ వాదన ఇంకా సూటిగా ఉంటుంది. ఇక్కడ ఇచ్చేవాడు దేవుడు, పుచ్చుకునేవాడు మనిషి. ఇంటికి పిలిచి అన్నం పెట్టినవారికి, ఆ అన్నమే మనం పెట్టినట్లు తిరిగి వడ్డిస్తామా? అయితే రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉందనే లూథర్ నమ్మాడు. జ్యూరిక్‌లోని జ్వింగ్లీ మాత్రం అది జ్ఞాపకార్థమే అన్నాడు. ప్రొటెస్టంట్లలోనూ మాట ఒకటి కాదు.

నన్నడిగితే అసలు ముడి చనిపోయినవారి దగ్గర ఉంది. బలిపూజ బ్రతికినవారికే కాదు, ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మలకు కూడా మేలు చేస్తుందని ట్రెంటు సభ చెప్పింది. ఆనాటి యూరపులో ఇందుకోసం భూములు రాసిచ్చేవారు, ఆ పూజలు చెప్పడమే పనిగా బ్రతికే గురువులుండేవారు. లూథర్‌కు మండింది అక్కడే.

ఇది పాత యూరపు గొడవ మాత్రమే అనుకోకండి. తల్లి కేథలిక్కు, కొడుకు బాప్టిస్టు సంఘంలో చేరాడనుకోండి. తండ్రి పోయి ఏడాదయింది. ఆయన పేరిట పూజ చెప్పించమని తల్లి అడుగుతుంది. సిలువ మీద అంతా తీరిపోయిందని నమ్మినవాడు ఆ పని ఎలా చేస్తాడు? చేయకపోతే తండ్రిని వదిలేసినట్లు తల్లికి తోస్తుంది. ఇద్దరిదీ భక్తే. అందుకే ఈ చిక్కు వాదనతో విడదు.

మన తెలుగునేలకు ఈ రెండు దారులూ వచ్చాయి. లండన్ మిషనరీలు 1805లో విశాఖపట్నం చేరారు. ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు పెట్టుకున్న సభ గురువులు 1846లో అదే ఊరికి వచ్చారు. కేథలిక్ పూజ అప్పట్లో లాటిన్‌లో సాగేది. రెండో వాటికన్ మహాసభ 1963లో దేశభాషలకు దారి తీసిన తర్వాతే, 'బలి' అన్న మాటను పీఠం దగ్గర జనం తమ తెలుగులో విన్నారు.

ఇటీవలి కాలంలో పెద్దలు కొంత దగ్గరయ్యారు. 1982లో పెరూ రాజధాని లీమాలో వివిధ సంఘాల వేదాంతులు కూర్చుని 'స్మరణ' అనే మాటను పట్టుకున్నారు. యూదులు పస్కా పండుగలో చేసే స్మరణ ఉత్త గుర్తుచేసుకోవడం కాదు, జరిగినది ఇప్పుడు మన మధ్య పనిచేయడం అన్నారు. రెండు పక్షాలూ దీనిని చాలావరకు ఒప్పుకున్నాయి, పూర్తిగా కాదు.

అందుచేత కేథలిక్కు, ప్రొటెస్టంటు పెళ్ళి చేసుకుంటే, సాధారణంగా గురువుగారు బలిపూజ లేకుండానే ఆ పెళ్ళి జరిపిస్తారు. పూజ పెడితే, సత్ప్రసాదం వేళకు వధూవరుల్లో ఒకరు లేచి ముందుకు వెళ్ళాలి, రెండోవారు కూర్చుండిపోవాలి.