చిత్తుకాగితములు, వాని నేరువారు

(ఒక పట్టణ పఠనమందిరమున నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



ఈ పఠనమందిరమునకు వచ్చు మనమందఱము కాగితమును నమ్ముకొని బ్రదుకువారము. నా వృత్తికైతే ముడిసరకే కాగితము. దావాపత్రములు, వాఙ్మూలములు, నకళ్లు, నోటీసులు నా గదిలో కుప్పలుగా పేరుకొనును. ఏడాది కొకపరి పనికిరానివానిని త్రాటితో కట్టి వాకిట పెట్టుదుము. ఆ కట్ట మన గడప దాటిన పిమ్మట నెచ్చటికి పోవుచున్నదో, ఎందఱి చేతులు మాఱుచున్నదో, ఆ చేతులలో నెవరి కెంత దక్కుచున్నదో మన మెన్నడును విచారింపము. ఆ విచారణయే నేటి నా ప్రసంగమునకు విషయము.

“పాత పేపర్లు కొంటాం” అని వీథిలో కేకవేయు మనిషిని మీ రెఱుగుదురు. అతడు తోపుడుబండితో మన గుమ్మము కడకు వచ్చి కొనును. అతనికంటె క్రింది మెట్టున, గోనెసంచి భుజమున వైచికొని చెత్తకుప్పలలో నేరుకొను స్త్రీ యున్నది. వీరిరువురును పాతసామాను కొట్టువానికి అమ్ముదురు. అచట తెల్లకాగితము, వార్తాపత్రిక, అట్టపెట్టె, కలగాపులగము అని వేఱుపఱచి పెద్ద గిడ్డంగికి తోలుదురు. గిడ్డంగిలో యంత్రముతో నదిమి బేళ్లు కట్టి మిల్లునకు పంపుదురు.

మిల్లులో దానిని నీట నానవైచి, చిలికి, గుజ్జు చేయుదురు. పిన్నులను, ప్లాస్టిక్కు పొరలను తొలగించుదురు. తెల్లని కాగితము కావలసినచో సబ్బువంటి ద్రవ్యములు కలిపి గాలిబుడగలు పుట్టించి, ఆ బుడగలతో సిరాను పైకి తేల్చి తీసివైతురు. ఇట్లు చేయునప్పుడెల్ల నార కొంత పొట్టియగును. కావున కొంతకాలమునకు క్రొత్త నార కలుపక తప్పదు. ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. 1774లో జర్మనీ దేశమున క్లాప్రోత్ అను పండితుడు అచ్చుకాగితమునుండి సిరా తీయు విధమును ప్రకటించెను. 1800లో ఇంగ్లండునందు మథయాస్ కూప్స్ దీనికై పేటెంటు పొందెను. మన దేశమున 1934లో గాంధీమహాత్ముడు స్థాపించిన గ్రామపరిశ్రమల సంఘము చేతికాగితపు పనిని మరల నిలువబెట్టెను. తనకు వచ్చిన జాబుల కవరులను విప్పి వాని లోపలిప్రక్కను వ్రాసికొను నలవాటు మహాత్మునికి కలదు. అది పిసినారితనము కాదు. కాగితమున నొరుల శ్రమ యున్నదను నెఱుక.

ఇపుడొక సంగతి గమనింపుడు. కలగాపులగముగా నున్న కాగితమునకు ధర తక్కువ. వేఱుపఱచిన తెల్లకాగితమునకు ధర హెచ్చు. ఈ వ్యత్యాసమును పుట్టించునది వేఱుపఱచిన చేయి. అయినను మిల్లు ధర తగ్గించినపుడు గిడ్డంగివాడు తన లాభమును తీసికొనియే కొట్టువానికి తగ్గించును. కొట్టువాడు తన లాభమును తీసికొనియే ఏరుకొనువారికి తగ్గించును. నిలువచేసికొనుటకు చోటు లేనివారు ఆనాటి సరకు ఆనాడే అమ్ముకొనవలయును. 2018లో చీనా దేశము వేఱుపఱచని పాతకాగితపు దిగుమతిని నిషేధింపగా, ఆ విదేశపు సరకు మనవంటి దేశములవైపు మఱలెను. ఎచటనో చేసిన యాజ్ఞ ఇచటి గోనెసంచి వెలను కదల్పగలదు. ఆ సంచి మోయువారి మాట మాత్ర మెచటికిని చేరదు.

నా కన్నుల యెదుట జరిగిన యొక సంగతి చెప్పెదను. స్వచ్ఛందసేవకుడనై వీథులు తిరుగునపుడు, ఒక కొట్టు కడ నొక ముదుసలి తన సంచిని కాటా మీద పెట్టెను. పదునాలుగు కిలోలు తూగినది. కొట్టువాడు “తడి తరుగు” అని రెండు కిలోలు కొట్టివైచెను. అది నడివేసవి. “ఎండలో తడి యెక్కడిది?” అని నే నడిగితిని. “మామూలేనండీ” అని యాతడు నవ్వెను. నేను చట్టము మాట యెత్తితిని. 2009 నాటి తూనికల చట్టము ప్రకారము వ్యాపారపు కాటాకు పరీక్షించి వేసిన ముద్ర యుండవలయును. ఆ కాటాకు ముద్ర కనబడలేదు. కొట్టువాడు రెండు కిలోలకును పైక మిచ్చెను. నేను గెలిచితి ననుకొంటిని. సందు మలుపున నామె నన్నాపి మెల్లగా ననెను: “అయ్యా, తమరు అడిగి వెళ్లిపోతారు. నేను రేపూ ఈ కొట్టుకే రావాలి. ఆయన దగ్గర బాకీ ఉంది.”

ఆనాడు నా చట్టపుజ్ఞానము తలవంచుకొన్నది. ఒంటరియైన మనిషికి చట్టము పుస్తకముననే యుండును. దానిని బజారునకు తెచ్చునది సంఘబలము. ఇది యూహ కాదు. పూనా నగరమున నిరూపింపబడినది. 1993లో, హమాలీల నాయకుడైన బాబా ఆఢావ్ అండతో, చెత్తలో నేరుకొనువారచట సంఘముగా నేర్పడిరి. వారిలో స్త్రీలే యధికులు. ఆ సంఘము పేరులోనే కాగితము, గాజు, రేకు ఉన్నవి. పురపాలక సంఘము గుర్తించిన గుర్తింపుచీటీలను వారు పొందిరి. “స్వచ్ఛ్” అను సహకారసంఘమును స్థాపించి, 2008లో నగరపాలక సంస్థతో ఒడంబడిక చేసికొని, ఇంటింట చెత్త సేకరించు పనిని తమ హక్కుగా గ్రహించిరి. కుప్పలో చేయి పెట్టినవారే గుమ్మము కడ నిలిచి వేఱుపఱచిన సరకును పుచ్చుకొనిరి.

2016 నాటి ఘనవ్యర్థముల నిబంధనలు ఇట్టివారిని గుర్తింపవలయుననియు, సేకరణలో చేర్చుకొనవలయుననియు, సరకు వేఱుపఱచుకొనుటకు స్థలము కల్పింపవలయుననియు పురపాలక సంఘముల నాదేశించినవి. అయినను ఆ యక్షరములు కాగితముపైననే నిలిచిపోయిన పట్టణములు పెక్కు. చెత్త యంతయు నొక కంట్రాక్టరు పరము చేసి, ఏరుకొనువారిని కుప్ప కడనుండి తఱిమివేయుట సంస్కరణము కాదు. వారి నోటికూడు తీయుట.

మన కర్తవ్య మేమి? పురపాలక సభ్యులను కలిసికొన్నపుడు మూడు కోరికలు కోరుదము: ఏరుకొనువారికి గుర్తింపుచీటీ, నీడయు నీరును గల వేఱుపఱచు చోటు, అచట నొక ముద్రవేసిన కాటా. ఇంటిలో మనము చేయవలసినది మఱింత సులభము. కాగితమును తడియు నెంగిలియు తగులనీయక వేఱుగ నుంచుడు. పరుల గుట్టు గల పత్రములను చించి మఱి యిండు. అరుదైన పాతపత్రికలు, పుస్తకములు ఉన్నచో కాటాకు పంపకముందు గ్రంథాలయమునకు చూపుడు.

మన మిల్లులు ఏటేట లక్షల టన్నుల పాతకాగితమును విదేశములనుండి తెచ్చుకొనుచుండగా, మన వీథులలోని కాగితము ఎంగిలితో కలిసి కుళ్లుచున్నది, కుప్పలలో కాలుచున్నది. ఇది స్వదేశీ యనిపించుకొనునా?

రేపు వీథిలో ఆ కేక వినబడినపుడు, ధర బేరమాడుటకు ముందు ఆ మనిషి పేరడుగుడు. కాగితమునకు రెండవ జన్మ నిచ్చువారికి ఈ జన్మలో సరియైన తూనికయైన నీయలేని పట్టణము తాను చదువుకొన్నదని చెప్పుకొనుటకు తగదు.