దంపతుల వలస వీసా: టీకాల షరతు, వైద్యపరమైన మినహాయింపు

అమెరికా పౌరసత్వమో, అక్కడ శాశ్వత నివాసానికి గ్రీన్‌కార్డో ఉన్నవారు స్వదేశంలోని భార్యను లేదా భర్తను రప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టినప్పుడు, పెళ్లి ఫొటోలు, వివాహ ధ్రువపత్రం, ఆదాయపు పన్ను కాగితాలు సమకూర్చుకోవడంలో కనబరచే శ్రద్ధ వైద్యపరీక్ష విషయంలో సాధారణంగా కనబరచరు. చివరలో ఒక పూట ఆసుపత్రికి వెళ్లివస్తే ఆ తతంగం తీరిపోతుందని చాలామంది అంచనా. అయితే ఆ పరీక్షలో టీకాలకు సంబంధించిన భాగం ఉత్త ఆరోగ్య సలహా కాదు, చట్టం విధించిన షరతు. అమెరికా కాంగ్రెసు 1996లో వలస చట్టాన్ని సవరించి, గవదబిళ్ళలు, తట్టు, రుబెల్లా, పోలియో, ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు, హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా-బి, హెపటైటిస్-బి అనే వ్యాధులను పేరుపేరునా పేర్కొని, వాటికీ, టీకాల వాడకంపై అక్కడి ప్రభుత్వం నియమించిన సలహా సంఘం సిఫారసు చేసే ఇతర వ్యాధులకూ టీకా వేయించుకున్నట్టు రుజువు చూపలేని వలసదారుకు దేశంలో ప్రవేశార్హత లేదని శాసించింది.

ఈ జాబితా స్థిరమైనది కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా 2008లో యువతులకు తప్పనిసరై, అంటువ్యాధుల వ్యాప్తితో దానికి నేరుగా సంబంధం లేదన్న విమర్శల మధ్య 2009 డిసెంబరులో జాబితా నుంచి తొలగిపోయింది. 2021 అక్టోబరు 1న చేరిన కోవిడ్ టీకాను 2025 తొలి నెలల్లో తొలగించారు. ఏ టీకా ఏ వయసువారికి అవసరమో నిర్ణయించే బాధ్యత అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలది, అంటే సీడీసీది. వదినగారో తోడికోడలో నాలుగేళ్ల కిందట వెళ్లినప్పుడు ఏం అడిగారన్నది ఈనాటి దరఖాస్తుదారుకు ప్రమాణం కాదు.

మినహాయింపును అర్థం చేసుకోవాలంటే, అదే చట్టం ఈ షరతు నుంచి బయటపడడానికి చూపిన మార్గాలు మూడని గుర్తించాలి. కొరతగా ఉన్న టీకాను వేయించుకుంటే అభ్యంతరం దానంతటదే తొలగిపోవడం మొదటిది. ఫలానా టీకా ఫలానా వ్యక్తికి వైద్యపరంగా తగదని అధీకృత వైద్యులు ధ్రువీకరించడం రెండవది. వైద్యపరమైన మినహాయింపు అని వాడుకలో పిలిచేది దీన్నే. మతవిశ్వాసం లేదా నైతిక నిష్ఠ కారణంగా టీకాలను వ్యతిరేకించేవారికి ప్రభుత్వం తన విచక్షణతో ఇచ్చే మన్నింపు మూడవది. మొదటి రెండింటికీ వేరే దరఖాస్తు గాని, వేరే రుసుము గాని అక్కరలేదు; మూడవదానికి ఐ-601 అనే ప్రత్యేక దరఖాస్తు, 2024 ఏప్రిల్ నుంచి 1,050 డాలర్ల రుసుము, దానితోపాటు నెలల తరబడి నిరీక్షణ తప్పవు. అనారోగ్య కారణం ఉన్నవారు తెలియక మూడవ మార్గంలోకి వెళ్లి డబ్బూ కాలమూ పోగొట్టుకోవడం, ఏ కారణమూ లేకుండా కేవలం భయం ఉన్నవారు రెండవ మార్గాన్ని ఆశించి భంగపడడం ఈ వ్యవహారంలో ఎక్కువగా ఎదురయ్యే పొరపాట్లు.

వైద్యపరమైన మినహాయింపు మనిషికి కాక టీకాకు వర్తిస్తుందన్నది ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఒక టీకా పడని వ్యక్తి మిగిలినవన్నీ వేయించుకోవలసిందే. వైద్యశాస్త్రం ఇక్కడ రెండు స్థితులను వేరుచేసి చూస్తుంది: టీకా ఇస్తే తీవ్రమైన హాని కలిగే అవకాశం ఉన్న స్థితిని నిషిద్ధ స్థితి అనీ, లాభనష్టాలు బేరీజు వేసుకుని కొంతకాలం ఆగడం మంచిదనిపించే స్థితిని జాగ్రత్త అవసరమైన స్థితి అనీ చెప్పవచ్చు. గతంలో అదే టీకా తీసుకున్నప్పుడు నిమిషాల్లోనో గంటల్లోనో ఊపిరాడక, రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం ఏర్పడినవారికి, అంటే అనాఫిలాక్సిస్ అనే తీవ్ర అలర్జీ కలిగినవారికి, ఆ టీకా నిషిద్ధం. టీకాలో కలిపే పదార్థాల విషయంలోనూ ఇదే సూత్రం: తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకాలోని జెలటిన్, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్, హెపటైటిస్-బి టీకా తయారీలో వాడే ఈస్ట్ ఇందుకు ఉదాహరణలు. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు బలహీనపరచిన సజీవ వైరస్‌తో తయారవుతాయి కనుక, రోగనిరోధక శక్తి బాగా క్షీణించినవారికి, అంటే క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారికి, అవయవ మార్పిడి తరువాత మందులు వాడుతున్నవారికి, కీళ్లవాతానికో లూపస్‌కో రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ప్రెడ్నిసోలోన్‌ను రెండు వారాలో, అంతకంటే ఎక్కువ కాలమో తీసుకుంటున్నవారికి వాటిని ఇవ్వరాదు. నిర్జీవ పదార్థంతో చేసిన ధనుర్వాతం, హెపటైటిస్-బి వంటి టీకాలు మాత్రం వారికీ ఇవ్వవచ్చు గనుక వాటికి అదే కారణం చెల్లదు.

కారణాలుగా చెల్లనివాటి పట్టిక ఇంకా పొడవైనది. మధుమేహం, రక్తపోటు, థైరాయిడ్ లోపం, మామూలు జలుబు, పెన్సిలిన్ పడకపోవడం, బిడ్డకు పాలివ్వడం, చిన్నప్పుడు సూది వేసిన చోట వాపు వచ్చి జ్వరం కాయడం, ఇవేవీ నిషిద్ధ స్థితులు కావు. కోడిగుడ్డు పడనివారికి కూడా ఎంఎంఆర్ ఇవ్వవచ్చునని చాలాకాలం కిందటే తేలింది. ఎంఎంఆర్ వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందన్న ప్రచారానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. అయినా ఆ వదంతి వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉండడం ఈ కాలపు విచిత్రాల్లో ఒకటి.

కొత్తగా పెళ్లయిన జంటల విషయంలో తరచుగా ముందుకు వచ్చేది గర్భధారణ. భర్త సెలవు మీద వచ్చి వెళ్లాక, వీసా పిలుపు వచ్చేనాటికి భార్య గర్భవతిగా ఉండడం అరుదేమీ కాదు. సజీవ వైరస్ టీకాలైన ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలను గర్భవతులకు ఇవ్వరు; ఆ రెంటికీ వైద్యులు పత్రంలో నిషిద్ధమని నమోదు చేస్తే మినహాయింపు వర్తిస్తుంది, ప్రసవం వరకు వీసా ఆగనక్కరలేదు. ఇన్‌ఫ్లుయెంజా టీకా, ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గులకు కలిపి ఇచ్చే టీడాప్ టీకా మాత్రం గర్భవతులకు నిషిద్ధం కావు సరికదా, తల్లికీ బిడ్డకూ రక్షణగా వాటిని వైద్యులే సూచిస్తారు. గర్భం రాకమునుపే ఎంఎంఆర్ వేయించుకున్న స్త్రీ ఆ తరువాత కనీసం 28 రోజులు గర్భధారణ నివారించుకోవాలన్న సూచన కూడా ఇక్కడ ప్రయాణపు తేదీలతో ముడిపడుతుంది. టీకాల మినహాయింపు ఛాతీ ఎక్స్‌రేకు వర్తించదన్న సంగతిని మాత్రం పలువురు ఆలస్యంగా తెలుసుకుంటారు. 15 ఏళ్లు దాటిన దరఖాస్తుదారులకు క్షయవ్యాధి పరీక్షలో భాగంగా ఎక్స్‌రే తప్పనిసరి కావడం వల్ల, గర్భవతి సమ్మతి తెలిపి, పొట్టకు సీసపు కవచం కప్పుకుని తీయించుకోవాలి, లేదా ప్రసవం దాకా పరీక్షను వాయిదా వేసుకోవాలి.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే దరఖాస్తుదారుల్లో చాలామందికి అవసరమయ్యేది వాస్తవానికి మినహాయింపు కాదు, రుజువు. భారతదేశంలో 1985లో మొదలైన సార్వత్రిక టీకా కార్యక్రమం కింద 1990లలో పుట్టిన పిల్లలకు బీసీజీ, పోలియో చుక్కలు, డీపీటీ, తట్టు టీకాలు అందాయి. రుబెల్లా టీకా తట్టుతో కలిసి 2017 నుంచి మాత్రమే ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది, హెపటైటిస్-బి టీకా దేశమంతటా అందడానికి 2011 వరకు ఆగవలసివచ్చింది, గవదబిళ్ళలకూ ఆటలమ్మకూ ప్రభుత్వ కార్యక్రమంలో చోటే లేదు. అందువల్ల ప్రైవేటు పిల్లల వైద్యుల దగ్గర డబ్బు పెట్టి వేయించుకున్నవారిని మినహాయిస్తే, అంగన్‌వాడీలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో టీకాలు వేయించుకున్న వ్యక్తి కార్డు పోకుండా దాచుకున్నా, అమెరికా జాబితాలో సగం గళ్లు ఖాళీగానే ఉంటాయి. అటువంటప్పుడు రక్తంలో ఆయా వ్యాధులను ఎదుర్కొనే ప్రతిదేహాలున్నాయో లేవో తేల్చే ఐజీజీ పరీక్ష ఉపకరిస్తుంది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా, హెపటైటిస్-బి, ఆటలమ్మలకు ప్రయోగశాల చూపిన నిరోధక శక్తిని టీకాతో సమానంగా స్వీకరిస్తారు. బాల్యంలో ఆటలమ్మ సోకిందని నమ్మదగిన వివరం ఉంటే వైద్యులు దాన్నే నమోదు చేసే వీలుంది. ఇది మినహాయింపు కాదు, షరతును నెరవేర్చడమే. పైగా మినహాయింపు కంటే దృఢమైనది. టీకా పడదన్న అనుమానం ఉన్నవారు సైతం, అలర్జీ చరిత్రను తవ్వడానికి ముందు ఈ రక్తపరీక్ష చేయించుకోవడం తెలివైన పని.

పరీక్ష జరిపే అధికారం అమెరికా రాయబార కార్యాలయం నియమించిన ప్యానెల్ వైద్యులకు మాత్రమే ఉంటుంది. హైదరాబాదుతో సహా కొన్ని నగరాల్లో అటువంటి వైద్యులున్నారు. వారు టీకాల వివరాలను డీఎస్-3025 అనే పత్రంలో నింపుతారు. ఏ టీకా వయసుకు తగదో, ఏది నిషిద్ధమో, ఏది మునుపటి మోతాదుకు తగిన వ్యవధి గడవక ఇవ్వలేకపోయారో, ఏది ఆ దేశంలో దొరకదో, ఏది ఇన్‌ఫ్లుయెంజా కాలం కానందున ఇవ్వలేదో సూచించే గళ్లు ఆ పత్రంలోనే ఉంటాయి. మూడు మోతాదుల హెపటైటిస్-బి టీకా కోసం నెలల తరబడి వీసా ఆపుకోనక్కరలేదు. పరీక్షనాటికి ఇవ్వదగిన మోతాదు ఒకటి తీసుకుంటే, మిగిలినవాటికి వ్యవధి చాలలేదన్న గడి వర్తిస్తుంది.

కుటుంబ వైద్యులు రాసిచ్చే ఉత్తరం సాక్ష్యమే తప్ప నిర్ణయం కాదు. అందువల్ల ఆ ఉత్తరం ఎంత వివరంగా ఉంటే ప్యానెల్ వైద్యులకు అంత ఆధారం దొరుకుతుంది: రోగనిర్ధారణ, వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, అవి మొదలైన తేదీ, గతంలో ఏ టీకాకు ఎన్ని గంటల్లో ఏ లక్షణాలు కనిపించాయి, ఆసుపత్రిలో చేర్చి ఉంటే డిశ్చార్జి సారాంశం, ఈ స్థితి తాత్కాలికమా శాశ్వతమా అన్నవి అందులో ఉండాలి. ‘ఈమెకు టీకాలు పడవు’ అన్న ఒక్క వాక్యానికి ముద్ర వేసి ఇచ్చిన ఉత్తరం ఎందుకూ కొరగాదు. ఇక వేయించుకోని టీకాలను వేయించుకున్నట్టు పాత తేదీలతో కార్డు తయారు చేయించడం, వ్యాధి లేకున్నా ఉన్నట్టు రాయించడం వంటి దగ్గరిదారులు చూపే మధ్యవర్తులకు దూరంగా ఉండాలి. టీకా కొరత ఒక సూదితో తీరేది కాగా, కీలకమైన విషయంలో అబద్ధం చెప్పినట్టు తేలితే అదే చట్టం కింద జీవితాంతం వర్తించే అనర్హత దాపురిస్తుంది.

తాత్కాలిక ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసాపై వెళ్లే భార్యలకు, భర్తలకు బయలుదేరేటప్పుడు ఈ వైద్యపరీక్ష ఉండదు. కొన్నేళ్ల తరువాత జీవిత భాగస్వామితో పాటు గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసినప్పుడు అదే షరతు ఐ-693 అనే పత్రం రూపంలో ఎదురవుతుంది. అక్కడ పరీక్ష జరిపేవారిని సివిల్ సర్జన్ అంటారు. మన జిల్లా ఆసుపత్రుల్లోని హోదాతో దీనికి పోలిక లేదు, వలస శాఖ గుర్తింపు పొందిన వైద్యులని మాత్రమే అర్థం. 2024 డిసెంబరు 2 నుంచి ఆ పత్రాన్ని దరఖాస్తుతో పాటే జతచేయాలన్న నియమం ఉంది కనుక, మినహాయింపుకు ఆధారాలు కూడా అప్పటికే సిద్ధంగా ఉండాలి. నిశ్చితార్థపు వీసా అయిన కె-1పై వెళ్లేవారికి సైతం టీకాల షరతు వీసా దశలో కాక, పెళ్లి తరువాత గ్రీన్‌కార్డు దశలో వర్తిస్తుంది. బ్రిటన్‌కు దంపతుల వీసాపై వెళ్లేవారి సంగతి వేరు. వారికి క్షయ పరీక్షే గాని టీకాల షరతు లేదు.

మతపరమైన మన్నింపు గురించి ఒక్క మాట చెప్పుకోవలసి ఉంది. జెలటిన్ జంతు సంబంధమైనదన్న కారణంతో ఎంఎంఆర్‌ను మాత్రమే వద్దనే నిష్ఠాపరులైన శాకాహారులకు ఈ మార్గం అమరదు; దరఖాస్తుదారు ఏ రూపంలోనైనా సరే టీకాలన్నిటినీ వ్యతిరేకించాలనీ, ఆ వ్యతిరేకతకు మతవిశ్వాసమో నైతిక నిష్ఠో మూలం కావాలనీ, అది చిత్తశుద్ధితో కూడినదై ఉండాలనీ నియమం.

ప్యానెల్ వైద్యులు మినహాయింపుకు కారణం లేదని తేలిస్తే, కాన్సులర్ అధికారి సాధారణంగా ఆ వైద్య నిర్ణయంపైనే ఆధారపడతారు గనుక ఇంటర్వ్యూ కిటికీ దగ్గర వాదించడం వల్ల ఫలితం ఉండదు. సంబంధిత వ్యాధిలో నిపుణులైన వైద్యుల నుంచి కొత్త ఆధారం తెచ్చి ప్యానెల్ వైద్యులకే చూపడం ఒక దారి. ఆ టీకాను వేయించుకోవడం రెండవ దారి. వైద్యపరీక్ష ఫలితం సాధారణంగా ఆరు నెలలే చెల్లుతుంది, వీసా గడువు కూడా దాన్నిబట్టే ఉంటుంది; కాబట్టి కొత్త ఆధారం కోసం ఎన్ని వారాలు వెచ్చించవచ్చో ముందే లెక్కవేసుకోవాలి. ఒకవేళ ఆ కారణంగా వీసా నిరాకరించినా అది శాశ్వత నిషేధం కాదు. కొరతగా ఉన్న టీకా వేయించుకుని పత్రం సమర్పించిన నాడు ఆ అభ్యంతరం తొలగిపోతుంది.