వెనక వరుస మనిషి: మిల్ట్ హింటన్



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో, ఆ మృదంగ విద్వాంసులు జీవితమంతా పక్కవాద్యమే వాయించారు. అందుకే నేనూ ఒక పక్కవాద్యకారుణ్ణే ఎంచుకున్నాను. ఆయన అమెరికా జాజ్ బేస్ వాద్యకారుడు మిల్ట్ హింటన్.

1910లో మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో పుట్టాడు. అమ్మమ్మ బానిసత్వం చూసిన మనిషి. ఒక నల్లజాతీయుణ్ణి మూక చంపడం ఈయన పసితనంలోనే కళ్లారా చూశాడు. దక్షిణాది నల్లవాళ్లు వేలాదిగా ఉత్తరాదికి తరలిపోతున్న ఆ రోజుల్లో ఈ కుటుంబమూ షికాగో చేరింది. అక్కడ వయొలిన్ నేర్చాడు. మూకీ సినిమా హాళ్లలో వయొలిన్ వాళ్లకు కొలువులుండేవి. టాకీలు రాగానే అవి పోయాయి. బతుకుతెరువు కోసం, నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం బేస్ పట్టాడు.

1936లో గాయకుడు క్యాబ్ కాలోవే నడిపే జాజ్ బృందంలో చేరాడు. ముందు ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్లు హోరెత్తుతుంటే వెనక పేగు తీగల బేస్. దానికి యాంప్లిఫయర్ కూడా లేదు. మరి వినబడేదెట్లా? తీగను గట్టిగా లాగి వదిలితే అది పలకకు ఠప్పున తగులుతుంది. ఆ వెంటనే అరచేత్తో ఇంకో దెబ్బ. స్లాప్ అనే ఈ పనితనం వినాలంటే 1939 నాటి ‘ప్లకిన్ ద బేస్’ రికార్డు వినాలి. మిగతా రాత్రులన్నీ నాలుగు మాత్రలకు నాలుగు స్వరాలు వేస్తూ, ముందున్నవాళ్ల లయ తప్పకుండా కాయడమే పని. అదే బృందంలో చేరిన కుర్ర ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ కొత్తరకం స్వరమేళాలు ప్రయత్నిస్తుంటే, బృందం వాయించే న్యూయార్క్ కాటన్ క్లబ్ డాబా మీద అతనితో కలిసి సాధన చేశాడు.

వెనక నిలబడ్డవాడికి అందరూ కనిపిస్తారు. హింటన్ కెమెరా పట్టాడు. దక్షిణాది హోటళ్లు నల్లవాళ్లకు గది ఇవ్వని కాలమది. రైలుపెట్టెలో నిద్రపోతున్న మిత్రులను, 1940 ప్రాంతంలో అట్లాంటా స్టేషన్లో నల్లవాళ్ల ప్రవేశద్వారం బోర్డు దగ్గర నిలబడ్డ తోటి వాద్యకారులను ఫొటోలు తీశాడు. 1959లో గాయని బిల్లీ హాలిడే చివరి రికార్డింగులో బేస్ ఆయనదే, ఫొటోలూ ఆయనవే. మొత్తం దాదాపు 60,000 నెగటివ్‌లు పోగయ్యాయి. వాటిలోంచి 1988లో ‘బేస్ లైన్’ పుస్తకం వచ్చింది.

1951లో కాలోవేని వదిలాక న్యూయార్క్ స్టూడియోల్లో కుదురుకున్నాడు. నల్లవాళ్లకు అక్కడ అరుదుగా మాత్రమే పిలుపు వచ్చే రోజులవి. బింగ్ క్రాస్బీ నుంచి అరీతా ఫ్రాంక్లిన్ దాకా ఎందరో గాయనీగాయకులకు వాయించాడు. వేళకు రావడం, ఇచ్చిన స్వరలిపి చూసి తడుముకోకుండా వాయించడం, వాయిద్యం సర్దుకుని ఇంకో స్టూడియోకి పరుగెత్తడం: ఆ విద్వత్తుకు చప్పట్లుండవు. అయినా జాజ్‌లో ఎక్కువ రికార్డింగులున్నవాళ్లలో ఆయనొకడు. తర్వాత కాలేజీల్లో పాఠం చెప్పాడు. 70వ పుట్టినరోజుకు, 1980లో, మిత్రులు ఆయన పేరిట బేస్ విద్యార్థులకు ఉపకారవేతన నిధి పెట్టారు. 2000 డిసెంబరులో తొంభయ్యేళ్ల వయసులో కన్నుమూశాడు.

స్వింగ్ అనే ఆ కాలపు జాజ్ చరిత్రను బృందనాయకుల పేర్లతోనే రాశారు. దాన్ని మోసిన వాళ్ల ముఖాలు మనకు మిగిలాయంటే అందులో ఈ పక్కవాద్యకారుడి వాటా చాలా పెద్దది. ఇక్కడి సభానిర్వాహకులకు నా మనవి ఒక్కటే: పక్కవాద్యకారుల పేర్లు కూడా ఆహ్వానపత్రికలో ప్రధాన కళాకారుడి పేరంత అక్షరాల్లోనే అచ్చువేయించండి.