దారిలో ఆగిన మోటారు సైకిలు

భద్రాచలము నుండి దుమ్ముగూడెమునకో, పర్ణశాలకో పోవు వారికి వానకాలపు రాత్రి బండి ఆగిపోవుట చిన్న చిక్కు కాదు. వెనుక కూర్చున్నది జ్వరపు బిడ్డయైనచో ప్రతి నిమిషమును విలువైనదే. అట్టి వేళ కనబడిన మరనెల్ల విప్పుటకంటె వరుసగా విచారించుట మేలు.

ఇంజనుకు పెట్రోలు కలిసిన గాలి, అదుము బలము, సమయమునకు నిప్పురవ్వ కావలెను. ఏది లోపించినదో తెలియుటయే సగము మరమ్మతు.

ముందుగా ట్యాంకులో పెట్రోలును, ఇంజను ఆపు మీటను చూడుడు. హారను నీరసముగా మ్రోగినచో బ్యాటరీ తీగల బిగింపును చూడవలెను.

ఇంజను చల్లారిన పిమ్మట స్పార్కు ప్లగ్గు విప్పుడు. ఎన్నిమార్లు కిక్కు కొట్టినను కొన పొడిగా నున్నచో పెట్రోలు అందుట లేదు. గొట్టమును, కార్బురేటరును పరీక్షింపుడు. తడిగా నున్నచో నిప్పురవ్వ చాలుట లేదు, లేదా చోకు ఎక్కువై పెట్రోలు నిండినది. ప్లగ్గును తుడిచి ఆరబెట్టి, దాని టోపీలోని వాన తడిని తుడువుడు. వెలుతురుకై అగ్గిపుల్ల మాత్రము గీయరాదు.

2020 ఏప్రిలు తరువాత వచ్చిన చాల బండ్లలో కార్బురేటరు లేదు. తాళము త్రిప్పగనే పెట్రోలు పంపు సన్నని రొద వినబడవలెను. వినబడనిచో ఫ్యూజు చూడుడు; ఆపై పని మెకానిక్కుది.

ప్లగ్గు, పానా, ఫ్యూజు, టార్చిలైటు సంచిలో నుంచుకొనుడు. రోగి వెంటనున్నప్పుడు మాత్రము పది నిమిషములకు మించి బండితో పెనుగులాడక 108కు ఫోను చేయుడు. బండి తెల్లవారిన తరువాత బాగుపడవచ్చును; రోగికి అంత వ్యవధి యుండదు.