బొమ్మల కొలువు నుండి కొలువుకూటము దాక



కొలువు అను మాటకు మన భాషలో రెండర్థములు వాడుకలో నున్నవి. రాజు మంత్రిసామంతులతో పేరోలగమున్న సభ కొలువు. ఆ రాజునొద్ద జీతమునకు కుదిరిన ఉద్యోగమును కొలువే. సంక్రాంతి మూడునాళ్లు మన యిండ్ల సావిళ్లలో మెట్లుకట్టి, తెల్లదుప్పటి పరచి, ఆడపిల్లలు బొమ్మలను వరుసదీర్చు ముచ్చటకు ఈ మాటనే పేరుగా పెట్టిన పెద్దలు గడుసువారు. ఏడాది పొడుగునను ఆ పిల్లకు పనులు చెప్పిన అమ్మయు నమ్మమ్మయు ఆ మూడు దినములు మాత్రము ఆమె చూపిన చోటనే బొమ్మను నిలుపుదురు. తెలంగాణమున పలుచోట్ల ఈ వేడుక దసరాకు జరుగును. ఋతువు మారినను ఏలిక మాత్రము ఆ పిల్లయే.

మా నాయనమ్మగారి బొమ్మల పెట్టె అటకమీద నుండెడిది. భోగికి ముందునాటి సాయంకాలము దానిని దింపి మూత తీయగానే, ఎండిన వేపాకు వాసనయు పాతచీరల వాసనయు కలసి గుప్పున కొట్టెడివి. ఒక్కొక్క గుడ్డపేలిక విప్పినకొలది ఒక్కొక్కరు వెలికి వచ్చువారు: గంగిరెద్దువాడు, తలయూపు తాత, దశావతారములు, అంబారీ యేనుగు. ఆ యేనుగుపై మావటివానికి కుడిచేయి లేదు. మా నాయనమ్మ కాపురమునకు రాకమునుపే విరిగినదట. ఆ చేయి లేకయే అతడు నాలుగు తరములుగా ఏనుగును నడుపుచున్నాడు. మా అక్కయ్య అతనిని ఏటేట పైమెట్టున నిలిపెడిది. "అవిటివానిని వెనుకకు పెట్టవే, పేరంటాండ్రు చూతురు" అని ఎవరో యన్నప్పుడు, "చూడవలెననియే ముందు పెట్టితిని" అని ఆమె చెప్పిన సమాధానము నాకిప్పటికిని జ్ఞాపకమే.

ఆ యేనుగు కొండపల్లిది. ఆ కొండలయందు పెరుగు తెల్లపొణికి కఱ్ఱ, తేలికయై మెత్తనై చేతిలో బెండువలె నుండును. అచ్చటి పనివారు కాళ్లు, చేతులు, తల వేర్వేరుగ చెక్కి, చింతగింజల బంకలో ఱంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, అటుపిమ్మట రంగులు దిద్దుదురు. వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాకలో పద్ధతి వేరు. అంకుడు కఱ్ఱను తరిమెనపై తిప్పుచు, తిరుగుచున్న కఱ్ఱకే లక్కను అదిమిపట్టగా, ఆ రాపిడి వేడికే రంగు కరగి అంటుకొనును. లక్కపిడతలలో పొయ్యి, తిరుగలి, రోలు, బిందె, చెంబు అన్నియు నుండును. మగపిల్లవానికి గుఱ్ఱమును, ఆడపిల్లకు పొయ్యిని కొనియిచ్చినవారు బొమ్మతోబాటు జాతకమును కూడ కొనియిచ్చిరని నా తలంపు.

అయినను పిల్లలు పెద్దలు గీచిన గీటున నిలుచువారు కారు. పగిలిన అద్దపుముక్క చెరువగును, మూకుడులో మొలకెత్తించిన ఆవాలు పచ్చని వరిచేనగును, అగ్గిపెట్టెలు అంగళ్లగును. ఏ బొమ్మ ఏ బొమ్మకు చుట్టమో, ఎవరు సంతకు పోవుచున్నారో, ఎవరిపై ఎవరికి కోపమో ఆ పిల్ల మనసులోనే కల్పితమై, పేరంటమునకు వచ్చినవారికి శనగలును తాంబూలమును ఇచ్చుచు ఆమె నోటనే కథయై వెలువడును. చిత్రరచన, కథనము, అతిథిమర్యాద ఈ మూడింటిని బడి యెఱుగని బాలిక ఇంటి సావిటిలోనే అభ్యసించుటకు మనవారు చేసిన ఏర్పాటిది. అట్లతద్దినాటి ఉయ్యాలలును, ధనుర్మాసపు గొబ్బిళ్లును, తెలంగాణపు బొడ్డెమ్మయు ఈ కోవలోనివే.

ఇంతవరకు చెప్పినది తీపి. ఇక చేదును చెప్పవలసియున్నది. వేసవిలో తాటాకు బొమ్మలకు పసుపుబట్టలు చుట్టి, ఒకరికొకరు వియ్యపురాండ్రై అలుకలు పూని, పిల్లలు బొమ్మలపెండ్లి చేసెడివారు. ఆ బొమ్మకు తాళి కట్టించిన చిన్నదానికే మరుసటి ముహూర్తమున తాళి పడిన కాలము మరీ దూరమున లేదు. అప్పుడు ఆట ఆటగా నుండక, రాబోవు బ్రతుకునకు పూర్వాభ్యాసమయ్యెను. ఆ పెండ్లికొడుకు మరణించినచో ఆ పిల్లకు బొమ్మలపెట్టెయు, పూలచెండును, పేరంటమును సమస్తమును ఒక్కనాడే నిషిద్ధములయ్యెను.

ఈ చీకటిని ఎదుర్కొన్నవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు అగ్రగణ్యులు. వారు 1874లో ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల తెరచిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. 1883లో స్త్రీలకొఱకు సతీహితబోధిని పత్రికను వెలువరించిరి. ఆ పాఠశాల తెరచిన సంవత్సరముననే జన్మించిన భండారు అచ్చమాంబగారు బడి ముఖము చూడలేదు. చిన్ననాటనే వివాహితయైన ఆమెకు తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చదువునకు తోడయ్యెను. ఒక యింట తోబుట్టువులిరువురు ఒక్క పుస్తకముపై తలలు వంచి కూర్చుండిన ఫలితముగా, 1901లో ఆమె రచించిన అబలాసచ్చరిత్ర రత్నమాల తెలుగువారికి లభించెను. ఇట్టి యిండ్లే ఆనాటి బాలికాపాఠశాలలు. బాలికల వివాహవయస్సును పదునాలుగేండ్లుగ నిర్ణయించిన శారదా చట్టము 1929లో వచ్చి, 1930 ఏప్రిలు మొదటి తేదీనుండి అమలయ్యెను. శాసనము పుట్టినంతనే ఆచారము చచ్చునా? చావలేదు. కాని కాలు విరిగెను.

1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఎనిమిదవయేట పెండ్లికూతురైన దుర్గాబాయి కథ ఈ రెండు యుగముల సరిహద్దున నిలుచును. తాను బాలికయై యుండియే ఆమె తోటి ఆడపిల్లలకు హిందీ పాఠశాల నడపెను. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమె ఖాదీ ప్రదర్శనశాల వాకిట స్వయంసేవిక. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఆమెకు ఆజ్ఞ. వచ్చినవాడు జవహర్‌లాల్ నెహ్రూ, టిక్కెట్టు లేదు. పదునాలుగేండ్ల పిల్ల ఆయనను ఆపివేసెను! నిర్వాహకులు టిక్కెట్టు కొనితెచ్చిన పిమ్మటనే దారి విడిచెను. తన కొలువులో తన మాటయే చెల్లవలెనను పట్టుదల ఆమెకు ఎచ్చట అబ్బినదని అడిగినచో, నేను మాత్రము మా అక్కయ్యనే తలంతును. 1937లో ఆమె మద్రాసున స్థాపించిన ఆంధ్ర మహిళా సభ చదువు ఆగిపోయిన స్త్రీలకు పరీక్షలకు చదువు చెప్పెను, చేతిపనులు నేర్పెను.

రేడియోను కూడ ఒక మాట స్మరింపకుండుట కృతఘ్నత. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు అన్నయ్యయు అక్కయ్యయునై, పిల్లలను మైకు ముందునకు పిలిచి పాడించిరి, ఆడించిరి. పెద్దలయెదుట పెదవి విప్పరాదని పెంచిన ఆడపిల్ల గొంతు, ఆ పెద్దలే చెవియొగ్గి వినునట్లు ఊరూర మ్రోగెను.

ఈ సంక్రాంతికి మీ యింట మెట్లు కట్టునప్పుడు, ఏ బొమ్మ ఎచ్చట నుండవలెనో మీరు నిర్ణయింపకుడు. లక్కపిడతల ప్రక్కన గుఱ్ఱమును పెట్టుదునన్నచో పెట్టనిండు. పేరంటాండ్రకు కథ ఆ పిల్లనే చెప్పనిండు, నడుమ అందీయకుడు. ఎనిమిదవయేట పెండ్లిపీటపై కూర్చుండబెట్టిన ఆ దుర్గాబాయి, 1946లో రాజ్యాంగపరిషత్తు సభ్యురాలై, ఈ దేశపు శాసనమును వ్రాసిన కొలువుకూటమున కూర్చుండెను.