జెట్ ఇంజన్ల లారీ

సరుకులు మోసే లారీకి విమానం ఇంజన్ బిగిస్తే? అమెరికాలో లెస్ షాక్‌లీ 1984లో ఆ పనే చేశాడు. పీటర్‌బిల్ట్ లారీకి ఒకటి కాదు, మూడు వెస్టింగ్‌హౌస్ జే34 జెట్ ఇంజన్లు అమర్చి ‘షాక్‌వేవ్’ అని పేరు పెట్టాడు. అమెరికా నౌకాదళం శిక్షణ విమానాల్లో వాడిన రకం ఇంజన్లవి.

మామూలు బండిలో ఇంజన్ చక్రాలను తిప్పుతుంది. టైరు రోడ్డును పట్టుకుంటేనే కదలిక. ఇక్కడ చక్రాలు ఊరికే దొర్లుతాయి, గేర్లతో పనే లేదు. ముందు నుంచి గాలి పీల్చి, గట్టిగా నొక్కి, ఇంధనంతో మండించి వెనక్కి చిమ్మితే, ఆ తోపుడుకే బండి ఉరుకుతుంది. ఆ వేడి గాలిలోకి ఆఫ్టర్‌బర్నర్ మరికొంత ఇంధనం చల్లితే వెనకాల బారల కొద్దీ మంట లేస్తుంది. జనం టికెట్టు కొనేది వేగం కోసం కాదు, ఆ మంట కోసమేనని నా అనుమానం.

వేగమూ తక్కువేం కాదు: గంటకు 376 మైళ్లు, అంటే 605 కిలోమీటర్లు. అప్పుడు బ్రేకుల మీదే ఆధారపడితే కుదరదు. వెనక నుంచి పారాచూట్లు విచ్చుకుని బండిని పట్టి లాగాలి. 2022 జూలైలో మిషిగన్‌లోని బాటిల్ క్రీక్ వైమానిక ప్రదర్శనలో ఈ లారీయే ప్రమాదానికి గురై, డ్రైవరు ప్రాణాలు కోల్పోయాడు.